పెద్దవాళ్ల కోసమంటూ అమ్మే చైనా సూప్ ప్యాకెట్లు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

సింగపూర్‌లో సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద మారియమ్మన్ గుడికి వెళ్లిన తెలుగువాళ్లందరికీ ఆ పక్క కొట్ల వాసన తెలిసే ఉంటుంది. ఎండు వేళ్లు, చెక్కులు, పుట్టగొడుగులు, చైనా రేగుపండ్లు కలగలిసిన తియ్యటి మట్టి వాసన అది. చైనా మూలికల కొట్లలో పేరున్న యూ యాన్ సాంగ్ దుకాణం కూడా ఆ రోడ్డు మీదే ఉంది. 1879లో మలయాలోని గోపెంగ్ అనే తగరం గనుల ఊళ్లో మొదలైన కొట్టు అది. ఇలాంటి కొట్లలోనూ సూపర్‌మార్కెట్లలోనూ ఒక అర నిండా పారదర్శకమైన ప్యాకెట్లు పేర్చి ఉంటాయి. వాటి మీద తెల్లగడ్డం తాతయ్య బొమ్మ, ఒక ఆవిరి గిన్నె బొమ్మ, 'పెద్దవారికి మంచిది' అన్న మాట ఉంటాయి. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు పిల్లలు కొని ఇచ్చేదీ, తిరిగి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టేదీ ఇవే.

తిండినే మందుగా వండుకునే ఈ పద్ధతిని చైనాలో యావ్‌షాన్ అంటారు. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ స్సుమియావ్ చెప్పిన వరస సూటిగా ఉంటుంది. ముందు తిండితో సరిచేసి చూడాలి, దానికి లొంగకపోతేనే మందు. చిక్కేమిటంటే కొట్టు అరలో తిండీ మందూ ఒకే సైజు ప్యాకెట్లో, ఒకే తాతయ్య బొమ్మతో పక్కపక్కనే కూర్చుంటాయి. ఎక్కువగా కనిపించే నాలుగు రకాలను తిండి వైపునుంచి మందు వైపుకు వరసగా చూద్దాం.

మొదటిది సుషెన్ తాంగ్, అంటే నలుగురు దేవతల సూప్. అసలు పేరు నలుగురు మంత్రుల సూప్ అనీ, తైవాన్ వాళ్ల నోట్లో మంత్రి కాస్తా దేవుడయ్యాడనీ అంటారు. నాలుగింటిలో ధైర్యంగా కొనమని చెప్పగలిగేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఇందులో ఉండేవి హువాయ్‌షాన్, తామర గింజలు, ఛియెన్‌షీ, ఫూలింగ్. హువాయ్‌షాన్ మన పెండలం జాతి దుంప, ముక్కలు కోసి ఎండబెడతారు. ఛియెన్‌షీ ఎవరో కొత్త మనిషి కాదు, బీహార్ చెరువుల మఖానా. మనం వేయించి పేల్చిన తెల్లటి ఉండలు తింటాం, వాళ్లు పేల్చకుండా గింజను రెండు బద్దలుగా చీల్చి ఎండబెడతారు. మన దగ్గర చాలా కొట్లలో మఖానాను తామర గింజలని అమ్ముతారు కాబట్టి ప్యాకెట్లో రెండూ విడివిడిగా కనిపిస్తే తికమకపడనక్కర్లేదు. అవి రెండు వేరువేరు మొక్కలు. ఫూలింగ్ పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే ఒక శిలీంధ్రపు గడ్డ. తెల్లటి సుద్దముక్కల్లా ఉంటుంది, రుచీ పచీ ఉండదు. ఆహారంగానూ మందుగానూ వాడదగ్గవంటూ చైనా ప్రభుత్వం 2002లో ప్రకటించిన 87 దినుసుల పట్టికలో ఈ నాలుగూ ఉన్నాయి. ఆకలి మందగించి, రెండు ముద్దలకే కడుపు నిండిపోయి, విరేచనం పలచగా అయ్యే పెద్దవాళ్లకు అక్కడివాళ్లు వండిపెట్టే సూప్ ఇది.

కొనేముందు ప్యాకెట్‌ను వెలుతురులో పట్టుకుని చూడాలి. హువాయ్‌షాన్ ముక్కలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గంధకం పొగ పెట్టారని అనుమానించండి. పొగ పెడితే పురుగు పట్టదు, రంగు తేలుతుంది, బరువూ నిలుస్తుంది. చైనా ఔషధ ప్రమాణాల ప్రకారం సల్ఫర్ డయాక్సైడ్ చాలా మూలికల్లో కిలోకు 150 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎండు హువాయ్‌షాన్ దుంప లాంటి కొన్నింటికి 400 దాకా వదిలారు. ప్యాకెట్ విప్పగానే ముక్కుకు పుల్లటి ఘాటు తగిలినా, ముక్క నాలుక మీద పెడితే పులుపు తెలిసినా ఆ సరుకు వద్దు. మంచి ముక్క మీగడ రంగులో ఉంటుంది, వేళ్లతో రుద్దితే మెత్తటి పిండి రాలుతుంది.

ఇంకో మోసం తెలుగువాళ్లు ఇట్టే పట్టగలిగేది. పెండలం బదులు కర్రపెండలం ముక్కలు కలుపుతారు. మన భాషలో పేర్లు ఎంత దగ్గరో, ఎండిన ముక్కలు చూడ్డానికీ అంత దగ్గర. సామర్లకోట సగ్గుబియ్యం మిల్లుల దగ్గర ఎండు కర్రపెండలం చూసినవాళ్లకు తెలుసు, ముక్క నడుమ పుల్లలాంటి పీచు కానీ అది ఊడిపోయిన చిన్న బెజ్జం కానీ ఉంటుంది. హువాయ్‌షాన్‌లో ఆ నడిమి పుల్ల ఉండదు. ఫూలింగ్‌కైతే ఒక ముక్క కొరికి చూడండి, అసలుదైతే పళ్లకు అంటుకుంటుంది. పిండితో చేసిన నకిలీ మీద అయోడిన్ చుక్క వేస్తే నీలం-నలుపుకు తిరుగుతుంది. ఫూలింగ్‌లో పిండిపదార్థం లేదు కాబట్టి ఆ నీలం రాదు.

వండే తీరు ప్యాకెట్ వెనక రెండు లైన్లలో ఉంటుంది, అది చాలదు. 'అన్నీ కడిగి, నీళ్లు పోసి, రెండు గంటలు మరిగించండి' అన్న మాట నమ్మి వండితే తామర గింజ రాయిలా మిగులుతుంది, హువాయ్‌షాన్ కరిగిపోతుంది. నలుగురికి హువాయ్‌షాన్, తామర గింజలు, ఛియెన్‌షీ తలా 30 గ్రాములు, ఫూలింగ్ 20 గ్రాములు, నీళ్లు రెండు లీటర్లు లెక్క. ఛియెన్‌షీని ఫ్రిజ్‌లో రెండు గంటలు, ఫూలింగ్‌ను అరగంట నానబెట్టాలి. పొట్టు తీసిన తామర గింజను మాత్రం చన్నీళ్లలో నానబెట్టకూడదు. నానితే పైపొర బిగుసుకుని ఎంత ఉడికినా లోపల పలుకు పోదంటారు వండే చేతులు. దాన్ని బద్ద చేసి మధ్యలో ఆకుపచ్చ మొలక ఉంటే పుల్లతో తీసేయాలి. అది వేపంత చేదు, ఒక్క గింజలో మిగిలినా నాలుక పట్టేస్తుంది.

నీళ్లు తెర్లాక ఛియెన్‌షీ, ఫూలింగ్ వేసి సన్నసెగ మీద 40 నిమిషాలు ఉంచాలి. తర్వాత తామర గింజలు వేసి అరగంట, చివర హువాయ్‌షాన్ వేసి మరో అరగంట. ఉప్పు దించేముందే. మాంసం వేసేవాళ్లు తోలు తీసిన కోడి 400 గ్రాములు విడిగా మూడు నిమిషాలు మరిగించి, ఆ నురగ నీళ్లు పారబోసి, ముక్కల్ని మొదటినుంచీ కుండలో వేస్తారు. తైవాన్‌లో పంది పేగు వేస్తారు, యీరెన్ అనే గింజ కూడా కలుపుతారు. ఆ గింజను సింగపూర్ లేబుళ్ల మీద చైనీస్ బార్లీ అని రాస్తారు కానీ బార్లీ కాదు. శాకాహారులు గుప్పెడు వేరుశనగ పప్పు, నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులు వేసుకోవచ్చు. చైనా బౌద్ధుల వంటిళ్లలోనూ ఇలాగే చేస్తారు, దీన్ని రాజీ వంట అనుకోనక్కర్లేదు.

కుక్కర్‌లో వండుకుంటే ఆవిరి పట్టాక సన్నసెగ మీద 25 నిమిషాలు చాలు. కానీ సగానికి మించి నింపకండి. ఈ దినుసుల జిగురు నురగై పైకెక్కి విజిల్ రంధ్రం మూసేస్తుంది. మట్టి కుండ, పింగాణీ కుండ, స్టీలు గిన్నె ఏదైనా ఫర్వాలేదు. పాత అల్యూమినియం, ఇనుము వద్దు, వేళ్లలోని వగరు పదార్థాలు లోహంతో కలిసి రంగూ రుచీ మారతాయి.

దీనికీ రెండు లోపాలున్నాయి. కట్టుడుపళ్లవాళ్లకు ఫూలింగ్ ముక్క, ఛియెన్‌షీ బద్ద ఇబ్బంది, ఒకటి నమలబడదు, ఒకటి అంటుకుంటుంది. మింగడం కష్టమైనవాళ్లకు పొలమారే ప్రమాదం కూడా ఉంది. అలాంటివాళ్లకు నాలుగూ దోరగా వేయించి మెత్తగా పొడికొట్టి, 50 గ్రాముల బియ్యానికి పొడి రెండు చెంచాలు, నీళ్లు అర లీటరు పోసి జావ కాయడం మేలు. జావ చైనా పెద్దల తిండిలోనూ పెద్దపీటే. రెండో లోపం పెద్దది. ఛియెన్‌షీ, తామర గింజ రెండూ పట్టేసే గుణమున్నవి. పెద్దవయసులో చాలామంది బాధ పలచటి విరేచనం కాదు, మలబద్ధకం. వాళ్లకిది ఇస్తే మూడోరోజుకు ఇంకా బిగుసుకుంటుంది. ప్యాకెట్ మీద తాతయ్య నవ్వుతూనే ఉంటాడు, ఈ మాట మాత్రం ఎక్కడా రాయరు.

రెండోది ఛింగ్ బూ ల్యాంగ్. హాంకాంగ్, సింగపూర్ ఇళ్లలో వేసవి సూప్ ఇది. హువాయ్‌షాన్, లిల్లీ గడ్డ రేకులు, యూజూ వేరు, లాంగాన్ ఎండుపండు, గోజీ అనే చిన్న ఎర్ర పళ్లు, చైనా రేగుపండ్లు కలిపి ఉంటాయి. కొన్నిటిలో తెల్ల పుట్టగొడుగు, అదే యిన్‌అర్, పువ్వులా విడిగా పెడతారు. పొడి దగ్గు, నోరెండిపోవడం, రాత్రి గొంతు తడి ఆరడం ఉన్న పెద్దవాళ్లకు ఇది హితవుగా ఉంటుంది. రుచిలో నాలుగింటిలో ఇదే ముందు. నాలుగో గిన్నెకు కూడా మొహం మొత్తదు.

షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇది తీపి ఉచ్చు. ఎర్ర ఖర్జూరమని పిలిచే పండు ఖర్జూరం కాదు, మన రేగు చుట్టమే. ఎండాక దాని బరువులో సగానికి పైగా చక్కెరే. లాంగాన్ దాని కంటే తక్కువేం కాదు. దాని మీద పటికబెల్లం వేయమని ప్యాకెట్ చెప్తుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు రేగుపండ్లు రెండుకు తగ్గించి, లాంగాన్ తీసేసి, పటికబెల్లం జోలికి పోకుండా వండితే సరి, అప్పుడు కూడా అరగిన్నే.

గోజీ నాణ్యత చూడ్డానికి ఒక గ్లాసు చన్నీళ్లు చాలు. పది పళ్లు వేయండి. గోజీ ఎరుపు నూనెలో కరిగే రంగు, నీళ్లలో తేలిగ్గా దిగదు. నీళ్లు మెల్లగా లేత పసుపుకు తిరిగితే మంచిది, నిమిషంలో గులాబీ ఎరుపైతే రంగు వేసినట్టు. తొడిమ ఊడినచోట తెల్లటి చుక్క ఉండాలి. రంగులో ముంచినవాటికి ఆ చుక్క కూడా ఎర్రబడుతుంది.

యిన్‌అర్ విషయం మరింత జాగ్రత్తగా చదవండి. పొద్దున వండుకోవచ్చని రాత్రి గిన్నెలో నానేసి గట్టు మీద వదిలేయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. వేడి ఊళ్లలో అలా గంటల తరబడి నానిన యిన్‌అర్‌లో, నల్ల చెక్కపుట్టగొడుగులో ఒక బ్యాక్టీరియా పెరిగి బాంగ్‌క్రెకిక్ ఆమ్లమనే విషాన్ని తయారుచేస్తుంది. ఎంత మరిగించినా అది పోదు. వాసనా రుచీ మారకపోవచ్చు కూడా. 2020 అక్టోబరులో చైనా హేలుంగ్‌జ్యాంగ్ రాష్ట్రంలో పులిసిన మొక్కజొన్న సేమ్యా తిని ఒకే విందులో తొమ్మిదిమంది చనిపోయింది ఈ విషం వల్లే. యిన్‌అర్‌కు చన్నీళ్లలో గంట నానడం చాలు. అంతకు మించి ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, ముట్టుకుంటే జారుగా అనిపిస్తే పారేయాలి. 15 గ్రాముల పువ్వు నలుగురికి సరిపోతుంది. పసుపు గట్టి మొదలు కోసేసి, చిన్నచిన్న రేకులు చేసి సన్నసెగ మీద గంట ఉడికిస్తే జిగురొస్తుంది. నిలవ ఉన్న పాత యిన్‌అర్‌కు ఎంత ఉడికినా జిగురు రాదు.

మూడోది అమెరికన్ జిన్‌సెంగ్ ప్యాకెట్. జిన్‌సెంగ్ బిళ్లలు, మైమెన్‌డాంగ్ గడ్డలు, గోజీ ఉంటాయి. కొరియా ఎర్ర జిన్‌సెంగ్ వేడి, ఇది చలవ అన్నది చైనావాళ్ల లెక్క. అందుకే మంచులాంటి చేతులు, చల్లటి నీళ్లు తాగితే కడుపునొప్పి ఉన్నవాళ్లకు దీన్ని ఇవ్వరు. అలసట, వేడి, దాహం ఉన్నవాళ్లకు ఇస్తారు. మరిగించడం కంటే మూతపెట్టిన పింగాణీ పాత్రను నీళ్ల గిన్నెలో దింపి ఉడికించే పద్ధతి దీనికి నప్పుతుంది. కాంటన్ వాళ్లకొక సామెత లాంటి లెక్కుంది, మరిగిస్తే మూడు గంటలు, నీళ్లలో పెట్టి ఉడికిస్తే నాలుగు. ఒక మనిషికి రోజుకు మూడు గ్రాముల బిళ్లలు చాలు. పొద్దునో మధ్యాహ్నమో ఇవ్వాలి, రాత్రి ఇస్తే కొందరికి నిద్ర పట్టదు.

ఈ ప్యాకెట్‌ను డబ్బుకు తగ్గది అనలేం. ధరంతా జిన్‌సెంగ్‌దే. కానీ చాలా ప్యాకెట్లలో ఐదారు పలచటి బిళ్లలే ఉంటాయి, మిగతా బరువంతా గోజీ, మైమెన్‌డాంగ్. బిళ్లలు విడిగా కొట్టులో తూయించుకుంటే ఏమి కొంటున్నామో తెలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లకు ఇది అసలు వద్దు, అమెరికన్ జిన్‌సెంగ్ ఆ మందు పనిని తగ్గిస్తుంది. గోజీ అందుకు ఎదురు, అది ఐఎన్ఆర్‌ను (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకెను) పెంచిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఒకే గిన్నెలో ఒకటి తగ్గించేదీ ఇంకొకటి పెంచేదీ ఉంటే డాక్టరు కట్టిన మోతాదు ఎటు పోతుందో చెప్పలేం.

నాలుగోది బాజెన్ తాంగ్, ఎనిమిది రత్నాల సూప్. దీన్ని అరలోనే వదిలేయండి. చెడ్డ సరుకని కాదు, తిండి కాదని. డాంగ్‌గుయ్, చువాన్‌శ్యొంగ్, బాయ్‌శావ్, ఉడికించిన దీహువాంగ్ నాలుగూ రక్తానికి, డాంగ్‌షెన్, బాయ్‌జూ, ఫూలింగ్, అతిమధురం నాలుగూ సత్తువకు అని రెండు పాత మందు యోగాలను ఒక్కచోట కట్టినది ఇది. చైనా ప్రభుత్వపు తిండి-మందు పట్టిక 2024 నాటికి 106 దినుసులకు పెరిగినా చువాన్‌శ్యొంగ్, బాయ్‌శావ్, బాయ్‌జూ అందులో చేరలేదు. డాంగ్‌గుయ్ 2019లో చేరింది, అదీ మసాలా దినుసుగా మాత్రమే. వాళ్ల ప్రభుత్వమే తిండి అనని దాన్ని కోడి కూరలో వేసి రోజూ తాగించడంలో అర్థం లేదు. డాంగ్‌గుయ్ రక్తం పలచబరిచే మాత్రల పని పెంచుతుంది. అతిమధురం మనకు దగ్గుమందుగా తెలిసిందే కానీ రోజులతరబడి లోపలికి పోతే ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని తగ్గించి, బీపీని పెంచుతుంది. బీపీకి మూత్రం జారీ చేసే మాత్ర వేసుకునేవాళ్లకు ఇది రెండువైపులా దెబ్బ. నిజంగా నీరసానికి కావాలనుకుంటే సింగపూర్‌లో రిజిస్టరైన చైనా వైద్యుడు నాడి చూసి, వేసుకుంటున్న మాత్రల చీటీ చూసి కట్టివ్వాలి. ప్యాకెట్ నాడి చూడదు.

కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల విషయంలో పై నాలుగింటిలో ఏదైనా సరే తమ డాక్టర్ని అడిగాకే, అందులో పొటాషియం ఎక్కువన్నవాళ్లు మరీ. గౌటు ఉన్నవాళ్లు మాంసంతో మూడు గంటలు మరిగించిన రసం మానాలి. ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్లు ముక్కల్లోంచి చాలావరకు ఆ నీళ్లలోకే దిగుతాయి, ముక్క పక్కకు నెట్టి రసం తాగితే లాభం ఉండదు.

విడి సరుకు కొనేటప్పుడు తూకం తెలియకపోతే ఇబ్బంది. సింగపూర్, హాంకాంగ్ పాత కొట్లలో తాయెల్ అంటే సుమారు 37.8 గ్రాములు, అదే తూకాన్ని చైనాలో ల్యాంగ్ అంటారు, అక్కడ ఇప్పుడది 50 గ్రాములు. వంట పుస్తకంలో ఒక ల్యాంగ్ అని ఉంటే అది ఏ ఊరి పుస్తకమో చూడాలి, లేదంటే పాళ్లు తప్పుతాయి. కొట్టతన్ని గ్రాముల్లో అడిగితే గ్రాముల్లోనే తూచిస్తాడు, మొహమాటం అక్కర్లేదు. విడిగా కొనడంలో ఉన్న లాభం సుషెన్‌కే ఎక్కువ. మలబద్ధకం ఉంటే ఛియెన్‌షీ మానేసి హువాయ్‌షాన్ పెంచుకోవచ్చు, ప్యాకెట్లో ఆ వీలు లేదు.

లేబుల్ మీద మూడు సంగతులు చూడండి. దినుసులన్నిటి పేర్లు ఉన్నాయా, ఒక్కోదాని బరువు ఉందా, ప్యాక్ చేసిన తేదీ ఉందా. బరువులు రాయకుండా పేర్లు మాత్రం రాసిన ప్యాకెట్లు ఎక్కువ, వాటిలో చవక దినుసే దండిగా ఉంటుంది. నీళ్లలో కలుపుకునే పొడి సాషేల్లో ఉప్పు ఎంతుందో కూడా చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ ఐదు గ్రాముల లోపే అంటుంటే ఒక్క కప్పులో అందులో మంచి వాటా అయిపోయేవి ఉన్నాయి.

ఇంటికి తెచ్చాక గోజీ, లాంగాన్, రేగుపండ్లు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, మన వాతావరణంలో బయట ఉంటే తేమ పట్టి నెలలోపే పురుగొస్తుంది. హువాయ్‌షాన్, ఫూలింగ్ పొడిగా మూతపెట్టి ఉంచితే చాలు. వండిన సూప్ రెండోరోజు దాటనివ్వకండి.

మొదటిసారి పెట్టేటప్పుడు మధ్యాహ్నం భోజనం ముందు అరగిన్నె పోయండి, రెండు రోజులు ఆగండి. కడుపు ఉబ్బరం, విరేచనంలో మార్పు, నిద్రలో తేడా లేకపోతే వారానికి రెండుసార్లు, అప్పుడూ ఒక గిన్నే.